ఒర్లీనా నొక్కిన హారన్

లారెల్ ఫోర్క్ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒర్లీనా స్టిడమ్ తన అక్క రికార్డు పోతుందని ఓర్వలేక, సీనియర్ల వీడ్కోలు ఆట రోజున హారన్ నొక్కి, దెబ్బ తిన్న పిల్ల నోటికాడి ముద్ద లాగేసిందని. పెట్రోలు బంకులో చెప్పేవాళ్ళు హారన్ ఒక్కసారి మోగిందంటారు. చర్చి మెట్ల మీద చెప్పేవాళ్ళు మూడుసార్లంటారు. ఆ రోజు ఊళ్ళోనే లేని వాళ్ళైతే, ఆమె వైరు పీకేసి స్కోరు బోర్డంతా ఆర్పేసిందని చేతులు తిప్పి మరీ చూపిస్తారు. ఎవరు చెప్పినా ముగింపు మాత్రం ఒకటే.

"నోట్లో నాలుక లేనట్టుంటుంది గానీ, చూశావా, కడుపులో ఎంత పెట్టుకుందో!"

నోట్లో నాలుక లేదన్న మాట నిజమే. ఒర్లీనా అన్నీ చూసేది, ఏదీ అనేది కాదు. పదో తరగతిలో ఉండగా తల్లికి పక్షవాతం వచ్చింది. అక్క గ్లెన్నా అప్పటికే కొండ మీది కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడుతోంది. ఆడినంతకాలం అక్కడ చదువు ఉచితం. ఇద్దరిలో ఒకరు ఇంట్లో ఉండాలి. ఎవరుంటారని ఎవరూ అడగలేదు. ఒర్లీనా పుస్తకాల సంచీ తలుపు వెనక మేకుకు తగిలించి తల్లి మంచం పక్కన కూర్చుంది. ఆట ఉన్న రోజుల్లో రేడియో పెట్టేది. తల్లికి మాట పోయింది గానీ వినికిడి పోలేదు. గ్లెన్నా బంతి బుట్టలో వేసినప్పుడల్లా బాగున్న చేత్తో దుప్పటి మీద తట్టేది. ఆ చెయ్యి ఎప్పుడు లేస్తుందో, ఎప్పుడు ఆగుతుందో చూస్తూ చూస్తూ ఒర్లీనా ఆట నేర్చుకుంది.

తల్లి పోయాక ఊరి బడి వంటింట్లో పనికి చేరింది. శనివారాలు కొండెక్కి ఆడపిల్లల ఆటలు చూసొచ్చేది. అక్కడ క్లాక్ నడిపే ముసలాయనకు చూపు మందగించినప్పుడు, ఎప్పుడూ తన వెనక కూర్చునే ఆమెను చూపించి, "ఈ అమ్మాయికివ్వండి. ఆట చూస్తుంది, కబుర్లు చెప్పదు" అన్నాడు. ఆ పని ఆమెకు చక్కగా అతికింది. రెఫరీ ఈల వేస్తే గడియారం ఆపాలి, చెయ్యి దించితే నడపాలి, మనిషి మారాల్సి వస్తే హారన్ నొక్కాలి. నోటితో పని లేదు. అంతమంది అరుస్తున్న చోట ఒక్క మాటా మాట్లాడక్కర్లేని కుర్చీ అదొక్కటే. ఆ కుర్చీలో ఆమె పద్దెనిమిదేళ్ళు కూర్చుంది.

మేసీ ఫ్యూగేట్ బంతి పట్టుకున్న మొదటి రోజు నుంచీ ఒర్లీనా ఆ పిల్లను చూస్తూనే ఉంది. వాగు పక్క ఇంట్లో తాత పెంచిన పిల్ల. ఒక వేసవిలో వాగు పొంగి ఆ ఇల్లు కిటికీల దాకా మునిగితే, ఊరి అభిమానులంతా గమ్‌బూట్లు వేసుకుని వెళ్ళి బురద ఎత్తిపోశారు, గోడలు కడిగారు, నెలంతా వంతులవారీగా అన్నం పంపారు. ఆ ఊళ్ళో ఆటగత్తె అంటే అందరి ఇంటి పిల్లే. మేసీ ఆడుతూనే నర్సింగు చదివింది. ఆసుపత్రి డ్యూటీలకూ, ఊరూరా తిరిగే ఆటలకూ పొంతన కుదరక ప్రతి ఏడాదీ రెండు మూడు పాఠాలు వెనకబడ్డాయి. కాలేజీలో ఆటకు నాలుగేళ్ళే గడువు, నాలుగో ఏడు వచ్చేసరికి ఆటకు అదే ఆఖరు. చదువు మాత్రం ఇంకా ఏడాది మిగిలింది.

ఆ నవంబరులో, ఎవరూ తగలకుండానే, నడి మైదానంలో మేసీ ఆగిపోయింది. వెనక నుంచి ఎవరో మడమ మీద తన్నినట్టు తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. అప్పుడు కూలబడింది. మడమ నరం తెగింది. కాలేజీలో అందరికంటే ఎక్కువ పాయింట్లు వేసిన గ్లెన్నా పాతికేళ్ళ నాటి రికార్డు దాటడానికి మేసీకి అప్పటికి ఒక్క బుట్టే తక్కువ.

శీతాకాలమంతా ఊళ్ళో ఇదే గొడవ. బంకులో కాఫీ యంత్రం పక్కన రెండు బల్లలు ఉండేవి. పొద్దున్నే అక్కడ వేడి రొట్టెల మీద గ్రేవీ పోసుకు తింటూ కూర్చునేది డెల్మర్ నేపియర్, బొగ్గు లారీ నడిపి మానేసినవాడు. ఎదురుగా ఆర్వెట్టా సైజ్‌మోర్, సగం ఊరికి లెక్కలు చెప్పిన టీచరమ్మ. ఇద్దరి మధ్యా హోబర్ట్, ఆటల్లో ఒర్లీనా పక్కన కూర్చుని స్కోరు రాసేవాడు. ఒర్లీనా బడికి పోతూ పక్క బల్ల దగ్గర కాఫీ తాగేది.

"ఆ నర్సింగు లేకపోతే నరం తెగేదా? పొద్దుటి నుంచీ రోగుల మంచాలు తోసి, సాయంత్రం వచ్చి గెంతితే ఏమవుద్ది మరి?" అన్నాడు డెల్మర్.

"పిల్ల కాలేజీకి పోయింది చదువుకోడానికి డెల్మర్. నీ శనివారం కాలక్షేపానికి కాదు."

"బంతి ఆడకపోతే ఆ గేటు తొక్కేదా టీచరమ్మా? బంతేగా మోసుకెళ్ళింది!"

"మోసుకెళ్ళింది, కాదన్నానా? బంతి గుర్రం, చదువు ఊరు. గుర్రాన్ని చూసుకుంటూ ఊరికెళ్ళడం మానేస్తామా?"

"గుర్రం లేకుండా ఊరెట్టా చేరతావ్?"

"ఆ గుర్రానికి కాలు విరిగింది. కాస్త గ్రేవీ ఇటు తోయండి" అన్నాడు హోబర్ట్.

ఆ నవ్వుల్లో ఒర్లీనా కూడా కప్పులోకి నవ్వుకుంది. కానీ ఫిబ్రవరిలో నవ్వు పోయింది.

సీనియర్ల వీడ్కోలు ఆట దగ్గర పడింది. అలాంటి రోజున ఆడలేని పిల్ల ఉంటే, మొదటి బంతి ఎగరేయగానే ఆమెకు అందిస్తారు, అవతలివాళ్ళు అడ్డురాకుండా నిలబడతారు, ఆమె ఊరికే అలా వేసి పక్కకు వచ్చేస్తుంది. బదులుగా వాళ్ళనూ ఒక బుట్ట వేసుకోనిస్తారు. ఎప్పటి నుంచో ఉన్న మర్యాదే. డెల్మర్ అవతలి కాలేజీ కోచ్‌తో ఫోన్లో మాట్లాడేశాడు. ఆయన సరేనన్నాడు. ఊరంతా ఒక్కసారి ఊపిరి పోసుకుంది. ఆ ఒక్క బుట్టతో రికార్డు వచ్చేస్తుంది, అందరి కళ్ళ ముందే.

కొత్త కోచ్ రోడా బంకుకే వచ్చి చెప్పింది. ఆమెకు అక్కడ అది మొదటి ఏడాది. నిలబడే మాట్లాడింది. "మేసీ నవంబరులో ఆడినవి నాలుగు ఆటలే. దెబ్బ తగిలింది కాబట్టి ఈ ఏడాదిని ఆడనట్టుగా లెక్కేసి, ఇంకో ఏడాది ఇమ్మని అడుగుతున్నాం. అదొస్తే చదువూ పూర్తవుతుంది, స్కాలర్‌షిప్పూ ఉంటుంది. కానీ ఇప్పుడు ఒక్క క్షణం దిగినా ఆడినట్టే. ఆ ఏడాది ఇక రాదు."

"ఒక్క క్షణం ఆట ఎట్టా అవుద్దమ్మా?" అన్నాడు డెల్మర్.

"నియమం అదండీ. మేసీకీ చెప్పాను. పర్వాలేదంది. ఇక ఆమె ఇష్టం." రోడా కళ్ళు దించుకుని వెళ్ళిపోయింది. ఊరినెదిరించే ధైర్యం ఆమెకూ లేదు.

డెల్మర్ కాసేపు చెంచాతో బల్ల మీద కొడుతూ కూర్చున్నాడు. తర్వాత మొహం విప్పారింది.

"క్లాక్ కదలకపోతే ఆట మొదలవనట్టే. మొదలవకపోతే పిల్ల ఆడనట్టే. ఆడకపోతే ఏడాది ఎక్కడికి పోద్ది?"

"మరి మొదలవని ఆటలో పాయింట్లెలా వస్తాయి?" అంది ఆర్వెట్టా.

"అది వేరే సంగతి! హోబర్టూ, నువ్వు పాయింట్లు రాస్తావు. పిల్ల ఆడినట్టు రాయవు. అంతే."

"రాయొచ్చనుకో..." అన్నాడు హోబర్ట్ గడ్డం గోక్కుంటూ.

అవ్వా కావాలి, బువ్వా కావాలి. చదువు ముఖ్యమని శీతాకాలమంతా వాదించిన ఆర్వెట్టా కూడా, ఆ బుట్ట పడితే చూడాలన్న ఆశ కళ్ళలో కనబడుతుండగా, మెల్లిగా పక్క బల్ల వైపు తిరిగింది.

"ఒర్లీనా, నీ చేతిలో పనే. బుట్ట పడి, పిల్ల బయటికొచ్చేదాకా మీట కదపకు. అంతేగా?"

ముగ్గురూ ఆమెనే చూస్తున్నారు. ఒర్లీనా తలూపింది. బయటికొచ్చి కారెక్కింది. ఎందుకు తలూపానో ఆమెకే తెలియలేదు. మూడు జతల కళ్ళు చూస్తే తల దానంతటదే ఊగుతుంది, ఎప్పుడూ అంతే. క్లాక్ ఆపి ఉంచినంత మాత్రాన పై ఊరి రెఫరీలు గుడ్డివాళ్ళా? పాయింట్లు రాశాక, ఆ పాయింట్లు ఎవరివని ఎవరూ అడగరా?

అదే వారం నర్సింగు విద్యార్థులు పిల్లల చూపు పరీక్షించడానికి బడికొచ్చారు. వాళ్ళలో మేసీ ఉంది. కాలికి పెద్ద నల్ల బూటు. మధ్యాహ్నం అది ఈడ్చుకుంటూ వంటింట్లోకి వచ్చి, గిన్నెలు తోమే తొట్టి పక్కన పీట మీద కూలబడింది. ఒర్లీనా గిన్నెలో బీన్స్ పోసి, మొక్కజొన్న రొట్టె ముక్క పెట్టి ఇచ్చింది. పిల్ల తినడం లేదు, గిన్నెలో కెలుకుతోంది.

"చల్లారిపోతుంది తల్లీ."

"పిన్నీ, శనివారం క్లాక్ నువ్వేగా?"

"నేనే."

"నీకూ చెప్పారా?"

"తలూపాను" అంది ఒర్లీనా.

మేసీ చప్పున నవ్వింది. "నేనూ అంతే. డెల్మర్ తాత అడిగాడు, తలూపాను. ఆర్వెట్టా టీచర్ అడిగింది, తలూపాను. మా తాతైతే ఏడ్చేశాడు సంతోషంతో." నవ్వు అలాగే ఉంది గానీ గడ్డం వణుకుతోంది. "వాళ్ళన్నట్టు అది లెక్కలోకి రాదనుకో, రికార్డూ రాదుగా! వచ్చిందనుకో, నా ఏడాది పోతుంది. ఈ మాత్రం నాకు తెలీదా?"

"మరి చెప్పొచ్చుగా."

"ఎవరికి? మా ఇంట్లో బురద ఎత్తిపోసినోళ్ళకా? ఆపరేషనప్పుడు ఆసుపత్రి వరండాలో కూర్చున్నోళ్ళకా? ఒక్క బుట్ట అడుగుతున్నారు పిన్నీ, ఒక్కటి. కాదంటే ఆ మొహాలు ఎలా చూడను?"

"ఏడాది పోతే ఏం చేస్తావ్?"

"గిడ్డంగిలో పెట్టెలు మోస్తా. చదువు తర్వాత చూస్తా."

తర్వాత చూస్తానన్న చదువు ఏమవుతుందో ఒర్లీనాకు తెలుసు. పిల్ల గిన్నె పక్కన పెట్టి, బూటు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఒర్లీనా డెల్మర్ ఇంటిదాకా వెళ్ళింది. వాకిట్లో అతను, భార్య, కొండంత గుడ్డ పరిచి దాని మీద మేసీ నంబరు రంగుతో రాస్తున్నారు. డెల్మర్ మోకాళ్ళ మీద ఉన్నాడు. ముక్కు మీద నీలం రంగు.

"అమ్మాయ్, రా! ఆ మూల కాస్త పట్టుకో, గాలికి లేస్తోంది."

ఒర్లీనా మూల పట్టుకుంది. గుడ్డ ఆరేదాకా పట్టుకుని, ఇంటికొచ్చేసింది. శుక్రవారం వంటింట్లో ఉప్పు రెండుసార్లు వేసింది. పిల్లలు బీన్స్ ముట్టుకోలేదు.

శనివారం మధ్యాహ్నానికే కాలేజీ జిమ్ నిండిపోయింది. మెట్ల మీద కూడా కూర్చున్నారు. సీనియర్ పిల్లలు ఒక్కొక్కరే ఇంటివాళ్ళ చెయ్యి పట్టుకుని వచ్చి గులాబీలు తీసుకున్నారు. చివర మేసీ వచ్చింది, తాత భుజం పట్టుకుని. నల్ల బూటు లేదు. మడమకు పట్టీలు చుట్టి తెల్ల షూ తొడిగారు. జిమ్ అంతా లేచి నిలబడింది. మెట్ల మీంచి డెల్మర్ గుడ్డ విప్పాడు. ఆర్వెట్టా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటోంది.

హోబర్ట్ మొదట దిగే అయిదుగురి పేర్లూ రాశాడు. నాలుగు పేర్లు సిరాతో రాసి, మేసీది పెన్సిలుతో రాశాడు. ఒర్లీనా అది చూసింది. పెన్సిలైతే ఏమవుతుందని ఆ మనిషి అనుకుంటున్నాడు? ఆమె అరచేతులు తడిసిపోయాయి, గౌనుకు తుడుచుకుంది. కుడిచేతి కింద గడియారం మీట, ఎడమచేతి కింద హారన్.

పిల్లలు నడిమధ్య గుండ్రంగా నిలబడ్డారు. మేసీ గీత మీద, బుట్టకు దగ్గరగా, ఒంటికాలి మీద బరువు వేసి నిలబడింది. రెఫరీ నెరిసిన జుట్టు ఆడమనిషి, కొండల అవతలి నుంచి వచ్చింది. ఈ ఊరి సంగతులేవీ ఆమెకు పట్టవు. ఆమె బంతి తీసుకుని వాళ్ళ మధ్యకు నడిచింది. జనం మేసీ పేరు అరుస్తున్నారు. నేల అదురుతోంది. మేసీ మొహం ఒర్లీనాకు కనబడుతోంది. ఆ పిల్ల నవ్వుతోంది, వంటింట్లో నవ్విన నవ్వే.

రెఫరీ మోకాళ్ళు వంచింది. బంతి పైకి లేవబోతోంది.

ఒర్లీనా ఎడమచెయ్యి నొక్కింది. ఎత్తలేదు. హారన్ అలా మోగుతూనే ఉంది. అరుపులన్నీ దాని కింద అణిగిపోయాయి. ఎప్పుడు చెయ్యి తీసిందో ఆమెకు తెలియదు. తీశాక జిమ్‌లో ఎవరో పసిబిడ్డ ఏడుపు తప్ప ఇంకేం లేదు.

రెఫరీ బంతి చంకలో పెట్టుకుని బల్ల దగ్గరికొచ్చింది. "ఏంటమ్మా? క్లాక్ పాడైందా?"

పక్కన హోబర్ట్ గుసగుసగా, "ఏం చేస్తున్నావే నువ్వు!" అన్నాడు.

జిమ్ అంతా ఒర్లీనానే చూస్తోంది. మూడు జతల కళ్ళకే ఊగిపోయే తల ఇప్పుడు కదల్లేదు.

"క్లాక్ బాగానే ఉందండీ. ఆ పిల్ల కాలు బాగాలేదు. ఆమెనే అడగండి" అంది.

తన గొంతు తనకే కొత్తగా వినబడింది. రెఫరీ ఒక్క క్షణం ఆమెను చూసి, వెనక్కి వెళ్ళి, మేసీ ముందు వంగింది. అప్పటికి జనంలో గోల మొదలైంది. "దిగనివ్వండి!" అని ఎవరో, "ఒర్లీనా, సిగ్గు లేదూ!" అని ఎవరో. డెల్మర్ చేతిలో గుడ్డ సగం జారిపోయింది. రెఫరీ పెదవులు కదిలాయి. మేసీ పెదవులు కదిలాయి. బల్ల దాకా ఏదీ వినబడలేదు. రెఫరీ చెయ్యెత్తి బెంచీ వైపు చూపించింది. మేసీ తల వంచుకుని కుంటుకుంటూ బయటికి నడిచింది, ఇంకో పిల్ల లోపలికి వచ్చింది, బంతి లేచింది. ఒర్లీనా మీట తోసింది. గడియారం నడిచింది.

ఆ రోజు ఎవరు గెలిచారో ఊళ్ళో ఎవరికీ గుర్తు లేదు. హోబర్ట్ ఆట అయ్యేదాకా కుర్చీ దూరంగా జరుపుకుని కూర్చున్నాడు. సోమవారం బంకులో ఒర్లీనా కాఫీ పోసుకుంటే, రెండు బల్లలూ మూగపోయాయి. గ్లెన్నా కూడా ఫోన్ చేసింది. "ఏమే, నా రికార్డు కాపాడావట? నేనడిగానా నిన్ను? ఇక్కడ మా చర్చిలో తలెత్తుకోలేకపోతున్నా."

ఒర్లీనాకు అవేవీ పట్టలేదు. ఆమె దిగులు వేరే. హారన్ సమయానికే నొక్కానా? బంతి రెఫరీ చేతిలోంచి లేచిందా, లేవలేదా? లేచి ఉంటే పిల్ల ఆడినట్టే. అప్పుడు బుట్టా లేదు, ఏడాదీ లేదు, రెండూ తన చేత్తోనే పోగొట్టినట్టు. బంగాళాదుంపలు చెక్కు తీస్తూ ఆ క్షణాన్ని మళ్ళీ మళ్ళీ తల్చుకునేది. ఒకసారి బంతి చేతిలోనే ఉండేది, ఒకసారి గాల్లో ఉండేది.

మేసీ ఒకరోజు వంటింటి వెనక గుమ్మం దగ్గరికొచ్చింది. "పిన్నీ, వాళ్ళు నిన్ను అంటున్నవి వింటుంటే నాకు తిండి సయించడం లేదు. రెఫరీ ఏమడిగిందో, నేనేమన్నానో చెప్పేస్తా అందరికీ."

"ముందు నీ ఏడాది నీ చేతికి రానీ. ఈ ఊళ్ళో ఉండాల్సింది నువ్వు, మీ తాత."

"నువ్వు మాత్రం ఉండవా?"

"నాతో ఎటూ ఎవరూ ఎక్కువ మాట్లాడరులే" అంది ఒర్లీనా. పిల్లకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఏప్రిల్లో కబురొచ్చింది. ఏడాది ఇచ్చారు. అదే నెలలో కాలేజీ నుంచి ఒకాయన ఫోన్ చేసి, వచ్చే సీజన్ నుంచి క్లాక్‌కి ఇంకొకరిని చూసుకుంటున్నామని మర్యాదగా చెప్పాడు. "సరేనండీ" అంది ఒర్లీనా. ఫోన్ పెట్టేశాక చాలాసేపు రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని కూర్చుంది.

మళ్ళీ నవంబరు వచ్చింది, ఆ కాలేజీ జిమ్‌లోనే మేసీ రికార్డు దాటింది. ఒర్లీనా పై మెట్ల చివర కూర్చుని చూసింది. డెల్మర్ అదే గుడ్డ మళ్ళీ విప్పి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మరుసటి మే నెలలో మేసీ నర్సయింది. దాంతో వదంతి ఆగుతుందనుకుంటే, ఇంకాస్త పొడుగైంది. "అంత కుట్ర చేసినా పిల్ల సాధించింది చూడు!" అని కొత్త తోక ఒకటి చేరింది. మేసీ ఎన్నిసార్లు నిజం చెప్పబోయినా, "నువ్వు మంచిదానివమ్మా, అందుకే వెనకేసుకొస్తున్నావు" అని ఆమె బుగ్గ నిమిరి పంపేస్తారు.

ఆ మధ్యాహ్నం మేసీ ముందు వంగి రెఫరీ అడిగింది ఒక్కటే: "అమ్మాయ్, నువ్వు ఆడాలనుకుంటున్నావా?"

"లేదండీ" అంది మేసీ.